ఎడమ క్రాంకులో రేకు

తన రిపేరు కొట్టుకు ఏ సైకిలు వచ్చినా వొల్దు ముందు అదే చేస్తాడు. పెడళ్ళు తగిలించే రెండు క్రాంకుల్నీ నేలకు సమాంతరంగా నిలిపి, చేతికొకటి పట్టుకుని, ఫ్రేము వైపు నెడతాడు, లాగుతాడు. కళ్ళు మూసుకుంటాడు. అంతసేపూ ఎవరి మాటా వినడు.

వొల్దుకు యాభై ఆరేళ్ళు. ఒకప్పుడు పందేలు తొక్కినవాడు. మస్సావా రేవుకు దిగే కొండదారిలో పడ్డాక ఎడమ మోచేయి తిన్నగా చాపలేడు.

ఆ శనివారం మధ్యాహ్నం లువామ్ వచ్చింది. మర్నాడు ఎనిమిదింటికి మా ఆస్మరా ఊరి అమ్మాయిల సైకిలు జట్టుకు ఎంపిక పందెం. నలుగురికే చోటు. నిరుడు తను ఐదోది.

"ఎడమ కాలు తొక్కినప్పుడల్లా టిక్కుమంటోంది, బాబాయ్."

కొట్టు ముందు బల్ల మీద నా స్నేహితుడు గెబ్రెయ్, నేను మాకియాటో కాఫీ తాగుతున్నాం. సైకిలు చప్పుడు చేస్తే ఈ ఊళ్ళో ప్రతివాడూ వైద్యుడే.

"పెడల్ అది," అన్నాడు గెబ్రెయ్, గ్లాసు దించకుండానే.

"కాదు, బేరింగు పోయింది," అన్నాను.

"నువ్వు చివరిసారి సైకిలెక్కింది నీ పెళ్ళికి ముందు. ఊరుకో."

వొల్దు పెడల్ మార్చాడు. లువామ్ వీధి చివరిదాకా తొక్కి వచ్చింది. టిక్కు. సీటు మీంచి లేచి తొక్కమన్నాడు. టిక్కు.

మళ్ళీ క్రాంకులు పట్టుకున్నాడు. "బేరింగు పోతే రెండూ కలిసి ఊగాలి. కుడిది కదలట్లేదు. ఎడమదొక్కటే ఊగుతోంది."

"బోల్టు బిగిస్తే సరిపోదూ?" అంది లువామ్.

బిగించాడు. రెండు చుట్లు చప్పుడు లేదు. మూడో చుట్టులో మళ్ళీ మొదలైంది.

క్రాంకు ఊడదీశాడు. చదరపు కన్నంలోంచి సన్నటి రేకు ముక్క జారి పడింది. టమాటా డబ్బాది. కొత్త సామాను దొరకని ఊరు మాది. కన్నం అరిగితే రేకు దోపి బిగిస్తారు.

"ఎవడో చెయ్యి తిరిగిన పనోడే పెట్టాడు," అన్నాడు గెబ్రెయ్.

"నేనే," అన్నాడు వొల్దు. "మూడు వారాల కింద. బిగించానని చెప్పాను గానీ, రేకు సంగతి చెప్పలేదు."

వొల్దు కన్నాన్ని గుడ్డతో తుడిచి వెలుగుకు పట్టాడు. మూలనుంచి వెంట్రుకంత పగులు.

"మళ్ళీ రేకు పెట్టు, బాబాయ్. రేపొక్క పూటే."

"పెట్టను."

"కొత్త క్రాంకు ఇంకెక్కడ దొరుకుతుంది ఇప్పుడు? నాకు మళ్ళీ ఏడాది ఆగే ఓపిక లేదు."

"లేచి తొక్కేటప్పుడు విరిగితే ముందు పళ్ళుండవు."

లోపలికెళ్ళాడు. గోడకు ఆనించిన తన సైకిలు ఎడమ క్రాంకు ఊడదీశాడు. రెండిటినీ పక్కపక్కన పెట్టి పొడవు చూశాడు. ఒకటే. తనదాన్ని ఆమె సైకిలు ఇరుసుకు తొడిగి, పానా మీద ఒంటి బరువంతా వేసి బిగించాడు. లువామ్ తొక్కి వచ్చింది. చప్పుడు లేదు. అయినా అతని ముఖం విప్పారలేదు.

"ఇది ఇరుసు మీద ఇంకా గట్టిగా కూర్చోవాలి. పొద్దున ఆరింటికి రా."

మర్నాడు ఆరింటికి ఆమె చేత నాలుగుసార్లు వీధి తిప్పించాడు. పానా వేస్తే బోల్టు పావు చుట్టు తిరిగింది. మళ్ళీ తిప్పించాడు. ఈసారి తిరగలేదు. లువామ్ పందేనికి వెళ్ళిపోయింది.

అతను పందెం చూడటానికి వెళ్ళలేదు. తను రేకు పెట్టిన సైకిళ్ళు ఊళ్ళో ఇంకా నాలుగున్నాయి. పానా జేబులో వేసుకుని, ముందుగా గెజా బండా పేటలో సైకిలు మీద ఇంటింటికీ రొట్టెలు వేసే హబ్టోమ్ ఇంటికి నడుచుకుంటూ బయల్దేరాడు.