పక్కీరయ్య మేస్త్రి గీసిన సముద్రం

ఆ పుస్తకంలో ఉన్న బొమ్మలన్నీ పక్కీరయ్య మేస్త్రి వేసినవి. అట్ట మీద ఉన్న పేరు ఆయనది కాదు. లోపల ఏ పుటలోనూ, ఎంత చిన్న అక్షరాల్లోనూ, ఆయన పేరు లేదు.

ఈ మాట రాస్తున్నప్పుడు కర్నూలులో మా పక్కింటివాళ్లు పాత కడప బండలు పెకలించి టైల్సు వేయించుకుంటున్నారు. పొద్దుటి నుంచి గడ్డపార చప్పుడు. బండ లేచిన ప్రతిసారీ, యాభై ఏళ్లకు పైగా వెలుతురు చూడని సున్నం వాసన గోడ దాటి నా గదిలోకి వస్తోంది. తడిసిన బొగ్గుకూ పాత గోనెసంచికీ మధ్య ఉంటుంది ఆ వాసన. తెలిసినవాడికే తెలుస్తుంది. ఆ కూలీలు బండను తట్టి కూడా చూడడం లేదు, ట్రాక్టరులో విసిరేస్తున్నారు. వెళ్లి నాలుగు మాటలు అందామని కర్ర తీసుకుని గుమ్మం దాకా పోయి మళ్లీ వచ్చి కూర్చున్నాను. వాళ్ల మీద కోపం తెచ్చుకోవడం సులభం. నేను రాయవలసింది వేరే ఉంది.

మాది కోసిగి పక్క పల్లె. వానలు మొహం చాటేసిన ఏడు ఊరు ఊరంతా కూలికి కదిలితే నేను తూర్పు దారి పట్టి, ఎర్రగుంట్ల బండల గనుల్లో తేలాను. బడికి పోయినవాణ్ణి కాదు. శనక్కాయల పొట్లాల కాగితాలు విప్పి, అంగడి బోర్డులు చూసి, అడిగీ అడిగీ అక్షరాలు పట్టుకున్నవాణ్ణి. అప్పటికి నాకు ఇరవై దాటాయి. కర్నూలు రాజధాని అయిన కొత్త రోజులవి. బండలు పరిచే మేస్త్రీలకు చేతినిండా పని. వాళ్లలో పక్కీరయ్య మేస్త్రి పేరు చెబితే గని యజమానులు కూడా మాట తగ్గించి మాట్లాడేవారు. దూదేకుల ఇంటి మనిషి. బక్కపలచన, పొడుగు. ఎండకు మాడిన గడ్డం, చెవి మీద ఎప్పుడూ పెన్సిలు ముక్క. అక్షరం రాదు. కానీ ఆయన సంచిలో నల్ల అట్ట పుస్తకం ఒకటి ఉండేది.

అది మొదట కొలతల పుస్తకం. ఏ గదిలో బండలు పరిచినా ముందు ఆ గదిని కాగితం మీద గీసేవాడు. నేను ఆయన దగ్గర పనికి చేరిన మొదటి వారం, గది నాలుగు మూలలూ సమానంగానే ఉన్నాయి కదా, గీయడం ఎందుకని అడిగాను. ఆయన నా చేతికి తాడిచ్చి, "ఈ మూల నుంచి ఎదురు మూలకు పట్టు. ఇప్పుడు తక్కిన రెండు మూలలకూ పట్టు" అన్నాడు. జానెడు తేడా వచ్చింది. "కన్ను శానా అబద్ధాలు చెప్తాదప్పా. గీసేటప్పుడు గాని దొరకదు" అన్నాడు. ఇంకొక పద్ధతి కూడా ఉండేది. ప్రతి బండనూ చిన్న సుత్తితో తట్టి వినేవాడు. మంచి బండ గంటలా మోగుతుంది. లోపల నెర్రె ఉన్నది మొద్దుగా పలుకుతుంది. దాన్ని మేము మూగబండ అంటాం. మూగబండను గోడ వారగా, బరువు పడని చోట వేసి, పటంలో ఆ గడికి అడ్డంగా గీత పెట్టేవాడు. పని ముగిసిన రోజున ఇంటివాళ్లను పిలిచి, ఈడ బరువు పెట్టొద్దండి అని చూపించేవాడు. అంతవరకు ఆ పుస్తకం పరాయి చేతికి ఇవ్వకూడదు. అది ఆయన కట్టడి.

సముద్రం వెంబడి ఉప్పు గిడ్డంగులకు నేల పరిచే పని ఒప్పుకున్నది ఆ తర్వాతి సంవత్సరం. ఎర్రగుంట్లలో బండలు గూడ్సుకెక్కించాం. కోస్తాలో దింపుకుని బకింగ్‌హాం కాలువలో పడవల మీదికి మార్చాం. కృష్ణపట్నం, రామాయపట్నం, కొత్తపట్నం అలా ఉత్తరంగా పోయాం. బండల మీద కూర్చుని మేస్త్రి పుస్తకం తెరిచేవాడు. కుడిపుటలో గిడ్డంగి పటం, ఎడమపుటలో ఆయన కంటబడినది. ఉప్పు మళ్లలో వంగిన ఆడవాళ్లు, వల ముడి వేసే ముసలివాడి బొటనవేళ్లు, గట్టు మీద పడవ లాగేవాళ్ల పిక్కలు. ఊరి పేరు కింద రాసే పని నాది. "నాకు చెయ్యి ఉండాది, నీకు అక్షరం ఉండాది. ఇద్దరం కలిస్తే ఒక మనిషి" అనేవాడు.

ఆయన సముద్రాన్ని గీసిన తీరు చెప్పాలి. పుట్టి బుద్ధెరిగి ఎండిన నేలే చూసినవాడు. మొదటిసారి సముద్రం ముందు నిలబడి చెవి మీది పెన్సిలు చేతిలోకి తీసుకున్నాడు. ఆ తర్వాత అన్నాడు: "ఇది గూడా పొరలు పొరలుగానే ఉండాది ఓబులేసూ. ఉలి యాడ పెట్టాల్నో చూస్తాండా."

అలాగే గీశాడు. అలలు వంపులుగా లేవు. గని గోడలాగా, ఒకదాని మీద ఒకటి పేర్చిన అడ్డగీతలు. అక్కడక్కడ నిలువున సన్నటి నెర్రెలు. పడవవాడు తొంగి చూసి నవ్వాడు. "ఏంది మేస్త్రీ, సముద్రం గీస్తన్నావా, మెట్లు గీస్తన్నావా?"

"నువ్వు పైన తేలేవాడివి నాయనా" అన్నాడు మేస్త్రి, తల ఎత్తకుండా. "మేము కిందికి దిగేవాళ్లం. మాకు ఇట్లనే కనపడతాది."

కొత్తపట్నంలో గిడ్డంగి కట్టిస్తున్న ఇంజనీరు ఒకాయన ఉండేవాడు. ఆయన పేరు ఇక్కడ రాయను. అచ్చు పుస్తకం అట్ట మీద పడింది, చాలు. ముప్పై ఏళ్లవాడు, ఇస్త్రీ నలగని చొక్కా. ఆ మధ్యాహ్నం మేస్త్రి నమాజుకు పోయాడు. సంచికి కాపలాగా నన్ను కూర్చోబెట్టాడు. నేను ఊరి పేరు రాద్దామని పుస్తకం బయటికి తీసి అరుగు మీద పెట్టుకున్నాను. ఇంజనీరు వచ్చి నా భుజం మీదుగా చూశాడు.

"ఈ అక్షరాలు నీవేనా?"

"నావేనండి."

"ఎంతవరకు చదివావు?"

"బడికి పోలేదండి."

"బడికి పోకుండానే ఇంత గుండ్రంగా రాస్తున్నావా! కర్నూలు ఆఫీసుల్లో నీలాంటివాళ్లు కావాలోయ్. నేను ఒక మాట చెబుతాను." ఆయన పుటలు తిప్పాడు. "ఒక్క పూట ఇస్తావా? రేపు సాయంత్రం పంపిస్తాను."

బొమ్మలను మెచ్చుకుని ఉంటే ఇచ్చేవాణ్ణి కాదు. అవి మేస్త్రివి. నా అక్షరాలను మెచ్చుకున్నాడు. అంతకు ముందు నా జన్మలో ఎవరూ మెచ్చుకోలేదు. రెండు చేతులతో ఇచ్చాను.

మర్నాడు పొద్దున మేస్త్రి సంచి వెతికాడు. "పుస్తకం యాడ?" నేను అబద్ధం ఆడాను. నేను నీళ్లకు పోయినప్పుడు ఇంజనీరు వచ్చి ఎవరినీ అడక్కుండా తీసుకుపోయినాడు అని చెప్పాను. ఆయన నా మొహం చూడలేదు. చూసి ఉంటే పట్టుకునేవాడే. గబగబా బంగళాకు నడిచాడు. వెనకాల నేను. బంగళా ముందు కాపలావాడు బీడీ కాలుస్తూ, అయ్యగారికి బదిలీ అయిందయ్యా, సామాను సర్దుకుని ఇందాకనే ఒంగోలు స్టేషనుకు పోయారు, మద్రాసు రైలుకు అన్నాడు.

ఉప్పు లారీ ఒకటి ఎక్కాం. దారంతా మేస్త్రి ఒక్క మాటే అన్నాడు: "బొమ్మలు పోతే పోనీలేప్పా. మూగబండల గుర్తులు అందులోనే ఉండాయి. పైన బస్తాలు పెడితే బండ పగిలి మోసేటోడి కాలు ఇరుగుతాది."

మేము స్టేషనులో అడుగుపెట్టేసరికి రైలు నిలబడే ఉంది. "నేను ముందర చూస్తా, నువ్వు ఎనకాల చూడు" అని మేస్త్రి జనాన్ని తోసుకుంటూ ఇంజను వైపు పరుగెత్తాడు. యాభై ఏళ్ల మనిషి, పంచె ఎగ్గట్టి, చెవి మీద పెన్సిలుతో. నేను వెనక్కి నడిచాను. నాలుగో పెట్టె కిటికీలో ఇంజనీరు కనబడ్డాడు. ఒళ్లో దేని మీదికో వంగి ఉన్నాడు. మధ్య పది అడుగులు కూడా లేవు. నోరు తెరిస్తే చాలు. అయితే నోరు తెరిస్తే ఆయన ఏమంటాడు? నువ్వే కదోయ్ ఇచ్చావు అంటాడు. మేస్త్రి వింటాడు. గార్డు ఈల వేశాడు. నేను కుళాయి వైపు తిరిగి నీళ్లు తాగుతున్నవాడిలా వంగాను. కుళాయిలో నీళ్లు రావడం లేదు. రైలు కదిలి, వెనక పెట్టెలన్నీ దాటిపోయేదాకా అలాగే వంగి ఉన్నాను.

మేస్త్రి రొప్పుతూ వచ్చాడు. "అగుపడినాడా?"

"యాడా లేడు మేస్త్రీ."

తిరిగి వచ్చాక ఆయన సంచిలోంచి సుత్తి తీశాడు. గిడ్డంగి ఈ చివరి నుంచి ఆ చివరికి మోకాళ్ల మీద పాకుతూ, పరిచిన ప్రతి బండనూ సుత్తితో మళ్లీ తట్టడం మొదలుపెట్టాడు. నాలుగు రోజులు పట్టింది. ఉప్పు గాలికి మోకాళ్లు పగిలి రసి కారింది. మొదటి రోజు కొత్త కాగితం తెచ్చి నా ముందు పెట్టి, చెవి మీది పెన్సిలు తీసి ఇచ్చాడు. "నువ్వు గీయప్పా. ఇంగ నాకు చెయ్యి ఆడదు." నేను అందుకుని గీశాను. గీతలు వంకర పోయాయి. తల తిప్పి చూసి, "వంకరగా ఉంటే ఉండనీ. లేనిది మాత్రం గీయొద్దు" అన్నాడు. ఆయన తట్టేవాడు, నేను వినేవాణ్ణి. మోగితే ఖాళీ గడి, మోగకపోతే అడ్డగీత. లేనిది గీయొద్దని నాతో అన్న మనిషికి నేను లేనిది చెప్పి ఇరవై నాలుగు గంటలు కూడా కాలేదు. నాలుగు రోజుల్లో నాలుగు వందల సార్లు నిజం చెప్పే వీలు చిక్కింది. చెప్పలేదు. ఆ తర్వాత ఆయన ఆరేళ్లు బతికాడు. రాతి దుమ్ము ఊపిరితిత్తులు తినేసింది. ఆ ఆరేళ్లూ ఆయన ప్రతి నేల పటమూ నేనే గీశాను. ఎడమపుటలు ఖాళీగానే ఉండిపోయాయి.

తొమ్మిదేళ్ల కిందట గ్రంథాలయంలో అచ్చయిన ఆ పుస్తకం నా చేతికి వచ్చింది. కోస్తా వెంబడి ప్రయాణం చేస్తూ ఒక ఇంజనీరు వేసుకున్న పెన్సిలు బొమ్మలట. తెరిచాను. అడ్డగీతల సముద్రం. ముందుమాటలో ఎవరో పెద్దమనిషి, సముద్రాన్ని పొరలుగా దర్శించడం ఈ చిత్రకారుని అపూర్వమైన ఊహ అని పొగిడాడు. ఊహా? అది గనిలో ముప్పై ఏళ్లు ఉలి పట్టిన మనిషి కన్ను. కుడిపుటల పటాలు లేవు. ఊరి పేర్లు అచ్చు అక్షరాల్లో మార్చారు. బల్ల మీద చెయ్యి కొట్టాను. గ్రంథాలయం ఆయన కళ్లద్దాలు పైకెత్తి చూశాడు.

అప్పటి నుంచి ఉత్తరాలు రాస్తూనే ఉన్నాను. ప్రచురణకర్తలకు ఏడు, జవాబు లేదు. ఇంజనీరు చిరునామా సంపాదించి ఆయనకు ఐదు. మీరు ఎప్పుడైనా గనిలో దిగారా అని అడిగాను. మూగబండ అంటే ఏమిటో చెప్పండి చూద్దాం అని అడిగాను. నిరక్షరాస్యుడైన పనివాడి సొత్తు దొంగిలించారు అని రాశాను. పక్కీరయ్య పేరు ప్రతి ఉత్తరంలో ఎర్రసిరాతో రాసి, కింద గీత గీశాను. నా పేరు చివర సంతకంలో తప్ప ఎక్కడా లేదు. పుస్తకం ఆయన చేతికి ఎలా చేరిందో పన్నెండు ఉత్తరాల్లో ఒక్క దాంట్లోనూ రాయలేదు.

ఈనాటికీ కొత్త గదిలోకి పోతే మూలలు కొలవకుండా కూర్చోలేను. మనవరాలికి లెక్కలు చెప్పినా, పత్రికకు వ్యాసం రాసినా, ఒక వాక్యం రాయగానే తట్టి వినడం అలవాటు. అది మోగుతోందా అని. మేస్త్రి నాకు ఇచ్చిన చదువు అదే. వేరే బడి నాకు లేదు. నా ఉత్తరాలు మాత్రం అలా తట్టి చూసుకోలేదని పోయిన నెలలో తెలిసింది. ఇంజనీరు దగ్గర నుంచి జవాబు వచ్చింది. ఎనభై దాటిన చేతివ్రాత, వరుసలు కిందికి జారుతున్నాయి. ఉన్నది ఉన్నట్టు కింద ఇస్తున్నాను.

"మీ ఉత్తరాలన్నీ అందినవి. అక్షరాలు చూసి మీరెవరో గుర్తుపట్టాను. బొమ్మలు ఆ మేస్త్రిగారివే. అచ్చు వేసేనాడే చెప్పవలసింది, చెప్పలేదు, అది నా తప్పు. రెండవ ముద్రణలో నా పేరు తీసి ఆయన పేరు వేయమని ప్రచురణకర్తలకు వ్రాసి ఇచ్చాను. ముందుమాట మాత్రం నేనే వ్రాయాలట. ఒక్క సంగతి మిమ్మల్ని అడగాలి. ఒంగోలు స్టేషనులో మిమ్మల్ని చూశాను. పుస్తకం నా ఒళ్లోనే ఉన్నది, ఇద్దామని కిటికీలోంచి చెయ్యి కూడా బయటపెట్టాను. మీరు కుళాయి వైపు తిరిగారు. నేను దాన్ని ఉంచుకోవడానికి అది కారణమని అనను. కానీ ఆ రోజు నుంచీ అది నాకు జ్ఞాపకం ఉన్నది. ముందుమాటలో ఆ సంగతి వ్రాయమంటారా, వద్దంటారా? మీరు ఎలా చెబితే అలా చేస్తాను."