చెయ్యి అడ్డం పెట్టడం తెలియని పొడుగు సారు

ఆ రోజుల్లో నాకు ఇంగ్లీషు రాదు, హిందీ సగం వచ్చు, దుబాయ్‌లో రోడ్డు దాటడం కూడా చేతకాదు. అయినా ఒక్క విషయంలో మాత్రం నన్ను మించినవాళ్ళు లేరని గట్టి నమ్మకం ఉండేది. అది వడ్డన. ఆ నమ్మకమే ఒక మనిషి ఉద్యోగం మీదికి తెచ్చిందని తలుచుకుంటే ఇప్పుడు నవ్వూ వస్తుంది, సిగ్గూ వేస్తుంది. కరోనా నెమ్మదించాక, అమలాపురం దగ్గర మా ఊరి నుంచి పిన్ని వీసా తెప్పిస్తే వచ్చాను. పిన్ని అప్పటికే పదేళ్ళుగా దుబాయ్ పాతబస్తీ డేరాలో ఇళ్ళల్లో వంట చేస్తోంది. నన్ను ఒక బాస్కెట్‌బాల్ క్లబ్బు తన ఆటగాడికి ఇచ్చిన ఫ్లాటులో వంటకు కుదిర్చింది. మూడు నెలలు చూస్తారు, నచ్చకపోతే తిరుగు విమానం ఎక్కిస్తారు. పనిలో చేరే ముందు రోజు పిన్ని నన్ను కూర్చోబెట్టి చెప్పింది. "ఒసేయ్, కంచం ఖాళీగా కనబడిందంటే మన గోదారోళ్ళ పరువు పోద్ది. కావాలా అని అడక్కు, అడిగితే మొహమాటపడతారు. వద్దన్నా వెయ్యి. చెయ్యి అడ్డం పెడితేనే చాలని లెక్క." నేను బుద్ధిమంతురాలిని కదా, అక్షరం పొల్లుపోకుండా పాటించాను.

ఆ ఆటగాడు అమెరికా ఆయన. పేరు నా నోరు తిరగలేదు, మనసులో పొడుగు సారు అని పెట్టుకున్నాను. (ఎదురుగా సార్ అనే అనేదాన్ని.) మొదటిరోజే వంటింట్లోకి వచ్చి పొయ్యి మీది చిమ్నీకి నుదురు కొట్టుకుని, దానికి సారీ చెప్పాడు. అంత మర్యాదస్తుడు. అప్పడం వేయిస్తే చిన్నపిల్లాడిలా చూసేవాడు. తింటూ ఫోనులో ఫోటోలు చూపిస్తూ తన కథంతా చెప్పేవాడు. నాకు పావువంతు అర్థమయ్యేది, మిగతాది ఫోటోలు చెప్పేవి. స్కూల్లో ఉన్నప్పుడు జట్టులో అందరికన్నా పొట్టివాడట, మిగతావాళ్ళకు నీళ్ళసీసాలు అందించడమే పనట. ఒక్క వేసవి సెలవుల్లో ఎంత ఎదిగాడంటే ప్యాంట్లన్నీ నిక్కర్లయిపోయాయి. పెంచింది నాయనమ్మ. ఆవిడ పెట్టిన చిక్కుడుగింజల కూర ఫోటో మాత్రం రెండేసిసార్లు చూపించేవాడు. కాలేజీలో నాలుగేళ్ళు వేలమంది చప్పట్లు కొట్టారు. తీరా వాళ్ళ దేశపు పెద్ద లీగులోకి ఆటగాళ్ళను ఎంచుకునేటప్పుడు మాత్రం ఈయన పేరు ఎవరూ పిలవలేదు. అప్పటినుంచి విమానాలే. శీతాకాలంలో పొద్దు పొడవని దేశంలో ఒకేడు, పొద్దస్తమానం బంగాళాదుంపలే పెట్టే దేశంలో రెండేళ్ళు, మూడు పూటలా అన్నమే తినే దీవుల్లో ఇంకో ఏడు. ఆ చలిదేశంలో అచ్చం మా ఊళ్ళోలాగే దండేల మీద ఎండుచేపలు ఆరేసిన ఫోటో చూపించిన రోజు, ఈయన మాకు దూరపు చుట్టమేనని నాకు అనిపించింది. దుబాయ్ ఎనిమిదో దేశం. ముప్పై మూడేళ్ళు. మోకాళ్ళకు ఐసు కట్టుకుని, "లాస్ట్ వన్, మేబీ" అన్నాడొకసారి. అది మాత్రం నాకు పూర్తిగా అర్థమైంది.

ఇంక నేను ఊరుకుంటానా? పప్పు వేశాను, తినేశాడు. మళ్ళీ వేశాను, మళ్ళీ తినేశాడు. నెయ్యి, ఆవకాయ, కోడిపులుసు, పెరుగు, ఏది వేసినా కంచం అద్దంలా అయ్యేది. చెయ్యి మాత్రం అడ్డం పెట్టడు! ఇంతటి ఆకలిని ఏ దేశంలోనూ ఎవరూ తీర్చలేదు కాబోలు, ఆ పుణ్యం నాకు రాసిపెట్టి ఉందనుకున్నాను. ఒకరోజు ప్రాక్టీసు మ్యాచ్ ఫోనులో చూపించాడు. కుర్రాళ్ళందరూ ఎగురుతుంటే ఈయన ఎగిరీ ఎగరనట్టు కనిపించాడు. తిండి చాలట్లేదు, మనిషి నీరసించిపోయాడనుకుని మర్నాటినుంచి నెయ్యి రెట్టింపు చేశాను.

నెల తిరక్కుండా ముదీర్ ఫ్లాటుకు వచ్చాడు. (క్లబ్బు మేనేజరు. అక్కడ అందరూ ముదీర్ అనే అంటారు.) సారు తొమ్మిది కిలోలు పెరిగాడట. "దస్ దిన్‌మే వజన్ కమ్ నహీ హువా తో ఉస్‌కా కాంట్రాక్ట్ ఖలాస్. తుమ్ భీ ఖలాస్" అని నావైపు వేలు చూపించి వెళ్ళిపోయాడు. పదిరోజుల్లో తను చెప్పిన బరువుకు దిగకపోతే ఇద్దరి పనీ పోయినట్టే. సారు కుర్చీలో తల వంచుకుని కూర్చున్నాడు. ఇక్కడ ఖలాస్ అంటే ఆయన ఆటే ఖలాస్. పాపం, ఆయన ఓదార్పు కోసం నేను గబగబా బొబ్బట్లు చేశాను.

మర్నాడు మధ్యాహ్నం భాయ్ వచ్చాడు. ఆటగాళ్ళ కాళ్ళకు మాలిష్ చేసే కడపాయన, అటు ఇంగ్లీషూ ఇటు తెలుగూ వచ్చిన ఒకే ఒక్క దిక్కు. అసలేం జరుగుతోందో చూద్దామని భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాడు. నేను వడ్డించాను. సారు తిన్నాడు. వడ్డించాను. తిన్నాడు. నాకు చెమటలు పడుతున్నాయి, ఆయనకూ పడుతున్నాయి. నాలుగోసారి గరిటె ఎత్తగానే భాయ్ నా మణికట్టు దగ్గర చెయ్యి అడ్డం పెట్టి, సారుతో ఇంగ్లీషులో ఏదో అడిగాడు. సారు చెప్పింది విని తల పట్టుకున్నాడు.

"ఏం పాపా, ఈయప్పను సంపుతాండావు కదా! కంచంలో మెతుకు మిగిల్చితే వండినోళ్ళను అవమానించినట్టేనని పెంచిన జేజి నేర్పిందంట. నువ్వు ఏసిందల్లా తినాల్సిందేనని తింటాండాడు. రోజూ కండ్లల్లో నీళ్ళు తిరుగుతాండాయంట."

"అవి ఆవకాయకి కాదా భాయ్?" అన్నాను.

"ఆవకాయకు కాదు పాపా, నీకు!"

"కంచం ఖాళీ అయితే నేను వెయ్యకుండా ఎలాగుంటాను? చెయ్యి అడ్డం పెట్టచ్చుగా!" అని ఏడుపు లంకించుకున్నాను.

భాయ్ సారు చెయ్యి పట్టుకుని కంచం మీద పరిపించి, ఇదీ పద్ధతి అని చూపించాడు. బంతిని ఒక్క చేత్తో పట్టుకునే మనిషి. ఆ అరచెయ్యి కింద కంచమే కనబడకుండా పోయింది. ముగ్గురం ఒకరి మొహాలొకరు చూసుకుని ఎంత నవ్వామో! కాని ఆ తర్వాత పదిరోజులూ నాకు నరకమే. ఉడకబెట్టిన కోడి, కీరదోస ముక్కలు, పల్చటి మజ్జిగ. రెండో ముద్దకే చెయ్యి అడ్డం. గరిటె పట్టుకుని ఏం చెయ్యాలో తెలియక నిలబడేదాన్ని. పైగా లిఫ్టు ఎక్కకుండా పదకొండు అంతస్తులూ పొద్దునా సాయంత్రం ఎక్కి దిగాలన్నాడు భాయ్, కాపలాగా నేనూ ఎక్కాలన్నాడు. ఆరో అంతస్తు దగ్గర నేను కూలబడితే సారు నా చేతిలో నీళ్ళసీసా పెట్టేవాడు. స్కూల్లో నేర్చుకున్న పని మర్చిపోలేదు.

తూకం రోజున నన్నూ పిలిపించారు. సారు మిషను ఎక్కాడు. ముదీర్ చెప్పిన బరువు కన్నా కిలో ఎక్కువ! భాయ్ ఏమీ ఎరగనట్టు సారు బూట్లకేసి చూశాడు. పడవల్లాంటి ఆ బూట్లు విప్పి మళ్ళీ ఎక్కితే అంకె సరిగ్గా గీత దగ్గర ఆగింది. ముదీర్ కాసేపు ఆ బూట్లనీ, కాసేపు నన్నూ చూసి, ఇంక పదండన్నట్టు "యల్లా" అని చెయ్యి ఊపాడు. ఆ సీజనంతా సారు ఆడాడు, కుర్రాళ్ళతో సమానంగా ఎగిరాడు. తర్వాత తొమ్మిదో దేశం వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు నా చిమ్నీకి కూడా బై చెప్పాడు.

ఇప్పుడు పిన్నీ నేనూ డేరాలోనే ఉన్న నైఫ్‌లో చిన్న మెస్సు నడుపుతున్నాం. ఎవరికైనా సరే "చాలా అండీ?" అని అడగందే రెండోసారి వడ్డించను, పిన్ని గొణుక్కున్నా సరే. కిందటి నెల మధ్యాహ్నం గుమ్మం దగ్గర ఠంగుమని చప్పుడు, వెంటనే "సారీ" అని మాట. చూడక్కర్లేకుండానే తెలిసిపోయింది. గడ్డంలో తెల్ల వెంట్రుకలు వచ్చాయి, నడకలో కాస్త కుంటు. ఆట ఆపేశాడట. చదువుకున్న స్కూల్లోనే పిల్లలకు ఆట నేర్పడానికి వెళుతూ, భాయ్ దగ్గర మా అడ్రసు తీసుకుని దారిలో దిగాడట. ఈసారి భాయ్ అక్కర్లేకపోయింది, నాకూ ఇంగ్లీషు నాలుగు ముక్కలు వచ్చాయిగా. అన్నం, పప్పు, నెయ్యి వేశాను. తినేసి, అలవాటుగా కంచం మీద చెయ్యి పరిచాడు. నేను గరిటె పట్టుకుని, నేర్చుకున్న బుద్ధి ప్రకారం, "ఇనఫ్, సార్?" అని అడిగాను.

ఆయన తన చేతికేసి చూసుకున్నాడు. "నోబడీస్ వెయింగ్ మీ నౌ" అని, ఇప్పుడు తూకం వేసేవాళ్ళు లేరుగా అన్నట్టు, ఆ పెద్ద చెయ్యి మెల్లగా పక్కకు తీసేశాడు.

మొదటి గరిటె వేశాను, రెండోది వేశాను, నెయ్యి కూడా వేశాను. మూడోది ఎత్తుతుంటే లోపల్నుంచి పిన్ని, "చాల్లేవే, మనిషిని చంపుతావా ఏంటి!" అని కేకేసింది. నేను వినిపించుకోలేదు.