సెనేటరు గారి చెప్పుల కొట్టు

ఢిల్లీ ద్వారకలో మా పక్కింటివాళ్ళు ఇంకా ఏసీ కొనకుండా కూలరే పెట్టుకున్నారు. వాళ్ళ కిటికీలోంచి తడిసిన గడ్డి వాసన వస్తే చాలు, నేను మళ్ళీ ఆర్.కె. పురం గవర్నమెంటు క్వార్టర్లో తొమ్మిదో తరగతి తప్పి, బడి మానేసి, అందరికీ లోకువైన పిల్లనైపోతాను.

ఆ ఎండాకాలం మా బాల్కనీకి పాత చీర అడ్డం కట్టుకుని, నాన్న తమ్ముడు, మా బాబాయి, సివిల్స్‌కి ఆఖరిసారి చదువుతుండేవాడు. మధ్యాహ్నాలు మామిడికాయ ముక్కలు ఉప్పూకారంలో అద్దుకు తింటూ నేను పుస్తకం పట్టుకోవాలి, ఆయన అప్పజెప్పాలి. బడి మానేసినదానికి పంతులమ్మ ఉద్యోగం మా ఇంట్లోనే దొరికింది. ఆయనకి అన్నిట్లోకీ ఇష్టమైన పాఠం, నూటయాభై ఏళ్ళ కిందటి ఓ అమెరికా సెనేటరుది: చెప్పులు కుట్టేవాడి కొడుకు, దీపం ముందు చదివి ప్లీడరై, రాష్ట్ర సభకీ, అక్కణ్ణుంచి దిగువ సభకీ, చివరికి సెనేటుకీ ఎక్కి, బానిసల విడుదల కోసం సొంత పార్టీకే ఎదురుతిరిగి, సీటు పోగొట్టుకున్నాడు. అక్కడితో పాఠం సరి.

"తర్వాతేం చేశాడు బాబాయ్?"

"పుస్తకంలో లేదే."

మర్నాడు నేను ముఖం బిగించుకుని, "ఉంది, కింద చిన్నక్షరాల్లో," అని చదివేశాను: ఆయన ఊరెళ్ళి నాన్న చెప్పుల కొట్టు తెరిచాడు, తనని ఓడించినవాళ్ళకి మాత్రం ఒక సైజు తక్కువ కుట్టేవాడు. బాబాయి పొట్ట పట్టుకు నవ్వి, రోజూ ఆ ముక్క చదివించుకునేవాడు.

పరీక్షలో ఆ సెనేటరే వచ్చాడు. బాబాయి చెప్పులైనా విప్పకుండా, "చెప్పుల కొట్టు కూడా రాసేశానే," అన్నాడు. నేను వెళ్ళి ఆ పుస్తకం పరుపు కింద దాచేశాను. ఫలితాల్లో ఆయన నెంబరు లేదు. ట్రంకుపెట్టె సర్దుకుని తెనాలి వెళ్ళి ట్యూషన్లు పెట్టుకున్నాడు. అందరి మీదా జోకులేసే నేను ఆ ఒక్క జోకు మాత్రం ముప్ఫై ఏళ్ళు ఎవరికీ చెప్పలేదు.

పోయిన నెల ఆయన ఢిల్లీ వస్తే క్వార్టరు చూద్దామని వెళ్ళాం. చుట్టూ రేకులు కట్టి, అన్నీ పడగొట్టేశారు. అక్కడ నిలబడే, ఆ చిన్నక్షరాలు నేను పుట్టించినవేనని చెప్పేశాను.

"పిచ్చిదానా, ఆ పుస్తకం నాలుగుసార్లు చదివినవాణ్ణి, లేదని తెలీదా?"

"మరెందుకు రాశావు?"

"ఓడిపోయినాయన ఇంటికెళ్ళి ఏం చేసుకున్నాడో ఎవరో ఒకరు రాయాలిగా."

తర్వాత రేకుల పైనుంచి మా బాల్కనీ ఎక్కడుండేదో గాలిలోకి వేలు చూపించాడు. "అబ్బే, ఇంకాస్త కింద," అన్నాను. ఉత్త ఆకాశం కోసం ఇద్దరం చాలాసేపు పోట్లాడుకున్నాం.