రేణుక దాచిన పాలపన్ను

సికింద్రాబాద్‌లో బండి మధ్యాహ్నం రెండు నలభై అయిదుకు కదిలింది. సంచిలో నీళ్ళ సీసా, పులిహోర డబ్బా, భూతద్దం, పాత గుడ్డలో చుట్టిన ఒక దవడ ఉన్నాయి. దవడంటే అసలుది కాదు, ప్లాస్టరుది. పదుల వేల ఏళ్ళ కిందట అంతరించిపోయిన నియాండర్తాల్ అనే మానవజాతి పిల్ల దవడకు నకలు. హైదరాబాద్‌లో ఒక ప్రయోగశాలలో పళ్ళను పలచటి బిళ్ళలుగా కోసి, సూక్ష్మదర్శినిలో చూడడం నా ఉద్యోగం. ఇరవయ్యారేళ్ళుగా ఇదే పని.

ప్రయాణం ఒక ఫోను వల్ల పడింది. ఆ జాతి పిల్లల పళ్ళ మీద నేనొక వ్యాసం రాశాను. పన్ను పెరిగేటప్పుడు రోజుకో సన్నని గీత పడుతుంది, జబ్బు చేసినా ఆకలితో ఉన్నా అక్కడ గీత ముదురుతుంది, తల్లిపాలు తాగినంత కాలం బేరియం అనే మూలకం ఎక్కువ చేరుతుంది కాబట్టి ఆ తల్లి ఎన్ని నెలలు పాలిచ్చిందో కూడా చెప్పవచ్చు అని. ఎవరో దాన్ని చదివి వాట్సాప్‌లో ఆడియోగా పెట్టారు. సోలాపూర్‌లో బీడీలు చుడుతూ రేణుక అది విన్నది, నా నంబరు సంపాదించింది.

"అక్కా, పోయిన నా బిడ్డ పన్ను నా తాన ఉన్నది. చదివి చెప్తరా?"

పోస్టులో పంపమన్నాను. "పోస్టుల ఎయ్య. పోతే మల్ల దొర్కది. మీరే రాండ్రి" అంది. రెండు రోజుల సెలవు మిగిలి ఉంది కదా అని సరేనన్నాను. అది ఏ పన్నో మాత్రం అడగలేదు. ఇరవయ్యారేళ్ళ అనుభవం ఉండి ఏం లాభం!

వాడి జంక్షన్ దాటాక పులిహోర కోసం సంచి తెరిస్తే దవడ బయటపడింది. పక్క సీటాయనకు సోలాపూర్ జోడ్‌భావి పేట్‌లో చాదర్ల దుకాణమట, తాతల కాలంలో కరీంనగర్ నుంచి వచ్చిన కుటుంబం.

"ఏంది మేడమ్, గది బొక్కనా?" అన్నాడు.

ప్లాస్టరుదేనని చెప్పినా నమ్మకం కుదరక కిటికీ వైపు జరిగి కూర్చున్నాడు. దిగే ముందు మాత్రం జాలిపడినట్టు, "కడక్ భాకరీ, శేంగా చట్నీ తినకుంట పోకుండ్రి" అని అక్కడి గట్టి జొన్నరొట్టె, పల్లీల చట్నీ సంగతి చెప్పాడు.

సోలాపూర్ చేరేసరికి ఎనిమిది దాటింది. స్టేషన్ దగ్గర లాడ్జిలో గది తొమ్మిది వందలు. ఫ్యాను తిరుగుతుంది, కిటికీ మూసుకోదు. వెళ్ళేవాళ్ళు పై అంతస్తు అడగండి, కాస్త నయం.

మర్నాడు తొమ్మిదికి ఆటో ఎక్కి, బీడీలు చుట్టేవాళ్ళ కాలనీ విడీ ఘర్కుల్‌లో దిగాను. ఒకేలాంటి ఇళ్ళ వరసలు, ప్రతి గుమ్మంలో చేట ఒళ్ళో పెట్టుకున్న ఆడవాళ్ళు, పొగాకు ఘాటు. నాకు వరసగా నాలుగు తుమ్ములు వచ్చాయి. నలభై దాటిన ఒకామె లేచి నిలబడి నవ్వింది. ఆమే రేణుక.

లోపల ఆమె భర్త నెత్తి మీదిదాకా చాదర్ కప్పుకుని పడుకుని ఉన్నాడు. "బట్టలు నేసే సాంచాల మీద రాత్రిపాళీ చేసొచ్చిండు. లేవడు, మాట్లాడుండ్రి" అంది. దారం రీళ్ళ డబ్బాలోంచి దూది పొట్లం తీసి, నా అరచేతిలో విప్పింది. బియ్యపు గింజ కన్నా కాస్త పెద్దది. కింది వరస ముందు పన్ను. ఇది ఏ పన్నో ఫోన్‌లోనే అడగాల్సింది అనుకున్నాను.

కూతురి పేరు శ్రావణి. ఆరేళ్ళప్పుడు ఆ పన్ను ఊడితే ఇంటి కప్పు మీదికి విసిరిందట. రేకుల మీంచి జారి మళ్ళీ కిందే పడిందట. పిల్ల ఏడ్చింది. రేపు మళ్ళీ ఎగరేద్దామని రేణుక దాచింది. ఆ రాత్రి జ్వరం వచ్చింది. పదకొండో రోజుకు పిల్ల లేదు.

"మా అత్త సచ్చేదాక ఒక్కటే మాట. మూడో నెలలనే పాలు మాన్పిచ్చి బీడీలకు కూసున్నవ్, అందుకే పోరికి బలం రాలే, జరంకు ఆగలే అని. నేన్ ఏడాది దాటేదాక ఇచ్చిన అక్కా." బీడీ చుడుతూనే ఉంది. "పందొమ్మిదేండ్లాయె. ఆ మాట ఇని ఇని, ఇయ్యలేదేమో అని నాకే అన్పిస్తున్నది. ఈ పన్ను చెప్తది గదా?"

భూతద్దం పెట్టాను. పంటి పైనుండే పింగాణీ పొర నున్నగా ఉంది. కడుపులో ఉన్నప్పుడు పిల్లకు ఏ లోటూ జరిగినట్టు లేదు. ఆ మాట చెప్పాను. లోపలి సంగతి కావాలంటే కోయాలి, కోస్తే పన్ను మిగలదు అని కూడా చెప్పాను. ఆమె చేతిలో బీడీకి దారం చుట్టి చేటలో వేసింది.

"కొయ్యుండ్రి."

అబద్ధం నా నాలుక చివరిదాకా వచ్చింది. ఏడాది ఇచ్చావమ్మా అంటే నన్ను అడిగేవాళ్ళెవరు? కానీ ఆమె అడిగింది నా మాట కాదు, పంటి మాట.

"కోసినా చెప్పదమ్మా. ఈ పన్ను పైపొర పుట్టిన రెండు మూడు నెలలకే పూర్తయిపోతుంది. వేరు ఊడేలోపే కరిగిపోతుంది. మూడో నెల తర్వాతి సంగతి ఇందులో లేదు."

"మరి దేంట్ల ఉంటది?"

"ఆరేళ్ళకు వెనకాల మొలిచే దవడపన్నులో. అది పుట్టినప్పటి నుంచి మూడేళ్ళదాకా చిగురు లోపల తయారవుతుంది."

"గది అప్పుడే మొలుస్తుండె." ఆమె చేతులు మొదటిసారి ఆగాయి. చిన్నపిల్ల కాబట్టి పాతిపెట్టారు. "తవ్వితే?" అంది.

నేను పన్నును మళ్ళీ దూదిలో చుట్టాను. చాదర్ కింద నుంచి గొంతు వచ్చింది.

"పండనియ్యి దాన్ని."

ఇద్దరం అటు తిరిగాం. అతను ముఖం బయటపెట్టలేదు. "నువ్ ఇచ్చినవ్. నడ్సుకుంట వచ్చి నీ ఒళ్ళె పడేది. చేట పక్కకు జరిపి ఇస్తుంటివి. నేన్ జూడలేదా?"

"గిన్నేండ్లు ఎందుకు జెప్పలే?"

"అమ్మ ఉండె."

"ఆమె పోయి నాలుగేండ్లాయె" అంది రేణుక.

దారికని రేణుక భాకరీలు, చట్నీ కట్టి ఇచ్చింది. ఆమెకు చూపిద్దామని తెచ్చిన దవడ సంచిలోంచి తీయనే లేదు. ఒంటిగంటన్నర హైదరాబాద్ బస్సు ఎక్కాను. నల్దుర్గ్ దగ్గర తిందామని మూట విప్పి, మళ్ళీ కట్టేశాను. ఆ అంతరించిన పిల్లల సంగతి పక్కనుండి చూసినవాళ్ళెవరూ మిగలలేదు కాబట్టి పళ్ళు కోస్తాం. రేణుకకు చూసినవాడు ఉన్నాడు, అదే ఇంట్లో, పందొమ్మిదేళ్ళుగా. అతని మీద కోపం వచ్చింది, ఇప్పటికీ పోలేదు.

జహీరాబాద్ దాటుతుండగా ఫోన్ మోగింది.

"అక్కా, పన్ను మల్ల కప్పు మీదికి ఎగరేసిన. ఈసారి కింద పడలే."

"ఆయన ఏమన్నాడు?"

"లేచి పాళీకి పోయిండు. ఏం మాట్లాడలే. నేన్ గూడ మాట్లాడలే."