అక్క ప్రాసెసర్‌కు నేను నేర్పిన పొదుపు

ఇంజినీరనేవాడు ఇంట్లోవాళ్ల కంప్యూటర్ మీద చెయ్యేస్తే ఏమవుతుందో చెబుతాను, గుండె గట్టిగా ఉన్నవాళ్లే చదవండి. నా చెయ్యి పడ్డ దెబ్బకు నా నిశ్చితార్థం పరువే పోయింది.

అప్పట్లో ఒక చిప్పుల కంపెనీలో కొత్తగా చేరాను. ప్రాసెసర్ వేగం తగ్గకుండా అది వాడే కరెంటు తగ్గించడం మా పని. మా అక్క లక్ష్మి ఫలక్‌నుమాలో, ఇంటి ముందు గదిలో కంప్యూటర్ ఎంబ్రాయిడరీ నడిపేది. డిజైను కంప్యూటర్ నుంచి మిషన్‌కు పోతుంటే సూది కుట్టుకుంటూ పోతుంది.

నిశ్చితార్థానికి అమ్మాయికి చీర, జాకెట్టు పెట్టాల్సింది మగపెళ్లివాళ్లం మేమే కదా. స్వప్న జాకెట్టు వీపు మీద నెమలిని కుట్టే పని అక్క నెత్తినేసుకుంది. తెల్లారితే ముహూర్తం. సరిగ్గా ఆ మధ్యాహ్నమే కరెంటు పోయింది.

"అక్కా, ప్రాసెసర్‌కు వోల్టేజీ జర తగ్గిస్తా. స్పీడు గంతే ఉంటది, ఇన్వర్టర్ మస్తుసేపు వస్తది."

"నడిచేదాన్ని ఎందుకు గెలుకుతవ్ రా? రేపు ఆ పిల్ల ఏం తొడుక్కుంటది?"

"ఫికర్ చెయ్యకు. నా రోజు పనే గిది."

తగ్గించాను. బరువైన పని అప్పజెప్పి పరీక్షించాను, చలించలేదు. ఆ పరీక్షకే సగం ఇన్వర్టర్ అయిపోయింది, అది వేరే సంగతి.

నెమలి తల, మెడ నీలం దారంతో చక్కగా పడ్డాయి. తోకకు ఆకుపచ్చ దారం ఎక్కిద్దామని అక్క మిషన్ ఆపింది. అంతే, స్క్రీన్ నల్లబడింది. పని లేనప్పుడు ప్రాసెసర్ తన వోల్టేజీ తానే తగ్గించుకుంటుంది. దాని మీద నా కోత కూడా పడేసరికి సొమ్మసిల్లింది. ఎంత తెలివి చూడండి, పని చేయించి పరీక్షించానే గానీ ఊరికే కూర్చోబెట్టి చూడలేదు.

"గిట్లయింది ఏంది రా?"

"వోల్టేజీ మళ్ల పెంచిన. మొదటినుంచి పెడితే పాతదాని మీదనే కుడ్తది. గుడ్డ నేను సరిజేస్త."

"నువ్వు ముట్టకు, నీకు దండం పెడ్త."

అక్క మంచినీళ్లకు లోపలికి పోయింది. నేను ముట్టాను. ఫ్రేములో గుడ్డ కాస్త పక్కకు జరిగింది చూసుకోకుండా మిషన్ నడిపాను. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడుతుందంటారు. నేనేసిన మందుకు నెమలికి ఇంకో తల మొలిచింది. అక్క వచ్చి చూసి, నెత్తి పట్టుకుని కూలబడింది. చీరకు కలిసే గుడ్డ ఇంకోటి లేదు, రాత్రికి రాత్రి దాంతోనే జాకెట్టు కుట్టింది.

మర్నాడు స్వప్న ఆ జాకెట్టే తొడుక్కుని వచ్చింది. వాళ్ల పెద్దమ్మ ఆమె వీపు మీదికి వంగి, కళ్లద్దాలు సర్దుకుని, "గండభేరుండమా బిడ్డా?" అని అందరూ వినేలా అడిగింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

పక్కన కూర్చున్నాక స్వప్న మెల్లగా అడిగింది.

"నిజం చెప్పుండ్రి, గీ రెండు తలలేంది?"

"ప్రాసెసర్‌కు తిండి తగ్గించి, పని మాత్రం గంతే చేయించుదామనుకున్న."

"మంచిగుంది. లగ్గమైనంక మీ కంచంల గూడ గట్లనే తగ్గిస్త. పని మాత్రం గంతే చెయ్యుండ్రి."

ఉంగరం తొడిగిన చేత్తో అక్కడికక్కడే ఒట్టు పెట్టుకున్నాను. ఆఫీసులో ఎన్ని ప్రాసెసర్లనైనా పస్తులుంచుతాను గానీ, ఇంట్లో ఏ ప్రాణికీ, ఏ యంత్రానికీ తిండి తగ్గించే మాట ఈ జన్మలో ఎత్తను.