మికాసా ముక్కు మీద చామంతి

నేను చదివింది బీకాం. చరిత్ర మాత్రం సింగపూర్‌లోని టోవా పాయో లైబ్రరీలో నేర్చుకున్నాను, శనివారాల్లో, నాకు నేనుగా. జపాన్ యుద్ధనౌకల గురించి అక్కడున్నవన్నీ చదివేశానని చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు. పెద్ద నౌకలు కట్టడం చేతకాని రోజుల్లో ఇంగ్లండులో కట్టించుకుని, చూస్తుండగానే తమ రేవుల్లో తామే కట్టుకోవడం నేర్చారు వాళ్ళు. వాళ్ళతో తలపడడానికి 1905లో రష్యా నౌకలు ఈ సింగపూర్ తీరం పక్కనుంచే వెళ్ళాయి. ఒడ్డున నిలబడి జనం ఆ పొగ చూశారట. ఆ నౌకల్ని త్సుషిమా దగ్గర ఓడించిన జపాన్ దళానికి ముందు నడిచింది మికాసా. దాని నమూనా కిట్ కొని, ఏడాది పాటు ఒక్కో ముక్కే అతికించాను.

అది ఇంటికొచ్చిన రోజే మా ఆవిడ హెచ్చరించింది. "ఏమండీ, అది జపాన్ వాళ్ళదని అమ్మకి తెలిస్తే ఫ్లాట్‌లో ఉండనివ్వదు."

మా అత్తగారు మలేషియాలో పుట్టిన తెలుగువాళ్ళ బిడ్డ. ఆవిడ పొత్తిళ్ళలో ఉండగా జపాన్ సైన్యం వాళ్ళ నాన్నని సయాం అడవుల్లో రైలు పట్టాలు వేసే పనికి తీసుకుపోయింది. ఆయన తిరిగి రాలేదు. ఆయన ముఖం ఆవిడకు ఫోటోలో కూడా తెలియదు. నౌక ఎవరిదని ఆవిడ అడగలేదు, నేనూ చెప్పలేదు. "ఎంతసేపు గమ్ము పూస్తావు అల్లుడూ, మకాన్ చల్లారిపోతాంది," అని భోజనానికి పిలవడమే ఆవిడకు దానితో ఉన్న సంబంధం.

పోయిన దసరాకి ఆయుధ పూజ. స్నానం చేసి వచ్చేసరికి దేవుడి ముందు నా లాప్‌టాప్, అమ్మాయి సైకిలు, వంటింటి కత్తులు, వాటి మధ్య మికాసా! ముక్కున ఉండే బంగారు పువ్వు చుట్టూ పసుపు దట్టంగా మెత్తి, మధ్యలో కుంకుమ పెట్టారు అత్తగారు.

"పూజ కోసమే చేశావని నాకు తెలీదా? ముక్కుకి చామంతి కూడా పెట్టినావే!" అన్నారు మురిసిపోతూ.

అది చామంతే. కానీ జపాన్ చక్రవర్తి ముద్ర.

మా అమ్మాయి ఫోన్‌లోంచి తలెత్తింది. "అమ్మమ్మా, అది జాపనీస్ బ్యాటిల్‌షిప్ లా! ఆ ఫ్లవర్ వాళ్ళ ఎంపరర్‌ది."

హారతి పళ్ళెం కింద పెట్టేశారు అత్తగారు. మా ఆవిడ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. చదివిందంతా ఒక్క గుక్కలో అప్పజెప్పాను. ఇది పాతది, ఇంగ్లండులో కట్టింది, రష్యా మీద పోరాడింది అని.

అత్తగారు అదేమీ వినలేదు. "మా నాయన్ని తీసకపోయినప్పుడు ఈ కప్పల్ యాడుంది?" అని మాత్రం అడిగారు.

"ఒడ్డున అత్తయ్యా. అంతకు చాలా ముందే చూడ్డానికని ఒడ్డున కాంక్రీటులో పాతేశారు. కదల్లేదు."

"అసలు కదల్లా?"

"కదల్లేదు."

"కదలంది ఏం చేస్తాది, ఉండనీ. ఆ పువ్వు మాత్రం పీకెయ్. ఆ రాజు పేరు చెప్పే కదా తోలకపోయినారు."

ఆ పువ్వు లేకపోతే అది మికాసా కాదు. ఏ పుస్తకంలోని ఏ బొమ్మలోనూ ఆ ముక్కు బోడిగా ఉండదు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా.

పూజలో పెట్టినవాటిని ఆ రోజు ముట్టుకోకూడదు. అందుకని రాత్రంతా నౌక దేవుడి ముందే ఉంది, పువ్వుతో సహా. మర్నాడు ఉద్వాసన చెప్పాక ఆవిడ కుర్చీ తెచ్చుకుని నా పక్కన కూర్చున్నారు. చిన్న పట్టకారుతో పువ్వు ఊడదీశాను. ఆవిడ చెయ్యి చాపి తీసుకుని, అరచేతిలో ఓసారి తిప్పి చూసి, పూజలో వాడిన పూలతో పాటు సంచిలో వేసేశారు.

మికాసా ఇప్పుడు హాల్లోనే ఉంది. పసుపు మరక ఎంత తుడిచినా వదలలేదు. దాని మధ్యలో పువ్వు ఉన్నంత మేర మాత్రం రంగు అంటలేదు. రేకులన్నీ లెక్కపెట్టుకోవచ్చు.