జీపులో వెళ్లొచ్చిన డేటా కార్డు

అప్పట్లో నేను బూర్గంపాడులో ఒక స్వచ్ఛంద సంస్థ ఆఫీసులో పనిచేసేదాన్ని. అడవి ఊళ్ల నుంచి ఆరోగ్య కార్యకర్తలు రాసి పంపే జ్వరాల వివరాలను ల్యాప్‌టాప్‌లో ఎక్కించి ప్రతి శనివారం ఖమ్మం పంపాలి. వాన పడితే ఫోను లైను పోయేది కాబట్టి నాకొక డేటా కార్డు ఇచ్చారు. పేకముక్కంత ఉండేది. ల్యాప్‌టాప్ పక్కనున్న సన్నటి సందులోకి దాన్ని తోస్తే పచ్చ లైటు వెలిగి ఇంటర్నెట్ వచ్చేది.

ఆఫీసులో ఉండేది ముగ్గురం: డాక్టరమ్మ, జీపు డ్రైవరు, నేను. డ్రైవరు టేకులపల్లి వైపు మనిషి. నలభై దాటాయి. అడిగితే తప్ప మాట్లాడడు. నేను అన్నా అని పిలిచేదాన్ని, నాకంటే ఎంతో పెద్దవాడైనా అతను నన్ను మేడం అనేవాడు.

ఒక బుధవారం డాక్టరమ్మ నదికి అవతల ఒక ఊళ్లో కార్యకర్తలకు బొమ్మలు చూపించడానికి ల్యాప్‌టాప్ తీసుకెళ్లింది. సాయంత్రం డ్రైవరు బ్యాగు తెచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్లాడు. మర్నాడు పొద్దున ఆన్ చేస్తే కార్డు లైటు వెలగలేదు. తీసి తుడిచి మళ్లీ పెట్టాను. ల్యాప్‌టాప్ ఆపి మళ్లీ ఆన్ చేశాను. అలాంటి పరికరమే లేదని తెర మీద వచ్చింది.

అప్పుడు చూశాను, బ్యాగు లోపలి జిప్పు తెరిచి ఉంది. నేను ఎప్పుడూ మూసే పెడతాను. కార్డు అంచున చిన్న గీత కనిపించింది. అది ముందునుంచీ ఉందో లేదో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. వెనక ఉండే నంబరు నేనెప్పుడూ రాసిపెట్టుకోలేదు. డ్రైవరు బావమరిదికి భద్రాచలంలో సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. జీపు తిరిగొచ్చింది భద్రాచలం మీదుగానే. ఒక్కో విషయం వచ్చి ఇంకోదాని పక్కన కూర్చుంది. మా కార్డు అక్కడ ఉండిపోయింది, పాడైన కార్డు ఇక్కడికి వచ్చింది అని నాకు నేనే తేల్చేసుకున్నాను.

బయట జీపు కడుగుతున్న అతని దగ్గరికి వెళ్లి, నిన్న బ్యాగు ఎక్కడుందని మామూలుగా అడిగినట్టు అడిగాను. ముందు సీటు మీదనే ఉందన్నాడు. దారిలో ఎక్కడైనా ఆగారా అంటే, డీజిల్ కోసం ఆగామన్నాడు. పది నిమిషాలాగి మళ్లీ వెళ్లి, బ్యాగు ఎవరైనా తీశారా అని అడిగాను.

"నేనైతే తియ్యలే మేడం," అన్నాడు.

ఆ 'నేనైతే' అన్న మాట పట్టుకుని రోజంతా తిప్పుకున్నాను. నేనైతే అంటే ఏమిటి? ఇంకెవరో తీశారనా?

డాక్టరమ్మకు చెప్పేశాను. ఆమె కళ్లజోడు తీసి, ఏ ఆధారమూ లేకుండా మనిషి మీద మాట వేయకు అంది. కానీ మర్నాటి నుంచి మందుల సంచి కూడా జీపులో తన ఒళ్లోనే పెట్టుకుంది. డ్రైవరు అది చూశాడు.

శుక్రవారం నేను బస్సెక్కి వంతెన దాటి భద్రాచలం వెళ్లాను. ఆ దుకాణంలోకి ఎవరో కొత్త మనిషిలా పోయి, ఈ కార్డు పాడైందేమో చూడమన్నాను. బావమరిది దాన్ని తన ల్యాప్‌టాప్‌లో పెట్టాడు. వెంటనే పచ్చ లైటు వెలిగింది. "మంచిగనే ఉంది గదమ్మా," అన్నాడు.

ఆ మాటకు నాకు ప్రాణం కుదుటపడాల్సింది. పడలేదు. అతను తన ల్యాప్‌టాప్ తేవడానికి లోపలికి వెళ్లినప్పుడు కార్డు అతని చేతిలోనే ఉంది. భయపడి అసలు కార్డు తిరిగి పెట్టేశాడేమో అనుకున్నాను. ఆదరాబాదరా ఆఫీసుకొచ్చి పెడితే మా ల్యాప్‌టాప్‌లో మళ్లీ చీకటే. కార్డు మంచిదైతే, మరి ల్యాప్‌టాప్‌నే ఎవరో పాడుచేశారు. జీపులో కింద పడేసి చెప్పకుండా దాచాడని కొత్త లెక్క వేసుకున్నాను. తప్పు ఎటు మారినా దాన్ని అతని మీద నుంచి మాత్రం దించలేదు.

శనివారం పొద్దున ఇక దారిలేక ఖమ్మం ఆఫీసులో కంప్యూటర్లు చూసే ఆయనకు ఫోన్ చేశాను. మా ల్యాప్‌టాప్‌లో విండోస్ బదులు లినక్స్ వేసి, ఈ కార్డును నడిపే చిన్న ప్రోగ్రాం (దాన్నీ డ్రైవరు అనే అంటారు) తయారుచేసి పెట్టింది ఆయనే. అంతా విని, కొత్తగా ఏమైనా అప్‌డేట్ చేశావా అని అడిగాడు. లేదన్నాను.

"యాద్ చేసుకో అమ్మా. పోయిన వారం మీటింగుకొచ్చినవ్ గద. ఈడ లైను ఫాస్టుగ ఉందని ఏమన్న నొక్కినవా?"

నొక్కాను. అప్‌డేట్లు ఉన్నాయి, వేయమంటారా అని తెర మీద అడిగితే సరే అని నొక్కి టీ తాగడానికి పోయాను. కానీ అది శుక్రవారం సంగతి, ఆ తర్వాత బుధవారం దాకా కార్డు బాగానే పనిచేసిందని వాదించాను.

"నడుమ బంద్ చేసి ఆన్ చేసినవా?"

చేయలేదు. రోజూ మూత మూసేసి పోయేదాన్ని. బుధవారం పని అయ్యాక పూర్తిగా ఆపింది డాక్టరమ్మ.

ఆయన నింపాదిగా చెప్పాడు. ఆ అప్‌డేట్‌తో కెర్నల్ మారిపోయింది. కార్డులాంటి పరికరాలతో మాట్లాడే అసలు భాగం అదే. ఆపి మళ్లీ ఆన్ చేసేదాకా పాతదే నడుస్తుంది. గురువారం నేను ఆన్ చేయగానే కొత్తది వచ్చింది, పాతదాని కోసం కట్టిన డ్రైవరు దానికి పనికిరాలేదు. మళ్లీ కట్టడానికి కావలసిన ఫైళ్లు ఇంటర్నెట్‌లో ఉన్నాయి. ఇంటర్నెట్ రావాలంటే కార్డు పనిచేయాలి. అందుకని ల్యాప్‌టాప్ మొదలయ్యేటప్పుడు వచ్చే జాబితాలో పాత కెర్నల్‌ను ఎంచుకోమన్నాడు. ఎంచుకున్నాను. పచ్చ లైటు వెలిగింది. దాన్ని చూసి సంతోషించలేకపోయాను.

ఫైళ్లు దిగాయి. ఆయన ఒక్కో అక్షరం చెబుతుంటే కమాండ్లు కొట్టాను. రెండుసార్లు తప్పు కొట్టి మొదటికొచ్చాను. మధ్యాహ్నానికి కొత్త కెర్నల్‌లోనూ కార్డు లేచింది, జ్వరాల వివరాలు ఖమ్మం చేరాయి.

డాక్టరమ్మకు చెబితే, "నాకు చెప్పినట్టే అతనికీ నువ్వే చెప్పు," అంది.

జీపు దగ్గరికి వెళ్లి చెప్పాను. తప్పు నాదేనన్నాను, అనుమానపడ్డానని కూడా అన్నాను. అతను వినేసి, జీపు ప్రయాణాలు రాసే పుస్తకం తీసి నా చేతిలో పెట్టాడు. బుధవారం పేజీలో ఆగిన చోట్లకు ఎదురుగా 'బ్యాగు బండిలోనే ఉంది' అని రాసి ఉంది. కింద ఆ ఊరి ఆరోగ్య కార్యకర్త సంతకం, డీజిల్ బంకులో మనిషి సంతకం.

"మీరు రెండోసారి అడిగినప్పుడే నాకు సమజైంది మేడం. గురువారం డ్యూటీ అయినంక నా బైకు మీద పోయి రాయించుకొచ్చిన. ముందు పనిచేసిన కాడ బండి బ్యాటరీ మాయమైతే నన్నే అన్నరు. అప్పుడు నా దగ్గర కాయితం లేకుండె."

పుస్తకం మూసి అతని చేతికిచ్చాను. అతనే మళ్లీ అన్నాడు: "మా బామ్మర్ది ఫోన్ జేసిండు, మీ ఆఫీసు కార్డసొంటిది పట్టుకొని గిట్ల ఒక మేడం వచ్చిందని. మీరే చెడగొట్టి నా మీద పెడుతున్నరేమో అనుకున్న."

"అట్లా ఎట్లా అనుకున్నావ్ అన్నా?"

"మీరు అనుకోలేదా," అన్నాడు. కోపంగా అనలేదు.

తర్వాత ఏడాదిపాటు కలిసి పనిచేశాం. మర్యాదకు లోటు రాలేదు. కానీ డాక్టరమ్మ లేనప్పుడు అతను ఆఫీసు గదిలోకి వచ్చేవాడు కాదు. గుమ్మంలో నిలబడి చెప్పాల్సింది చెప్పి పోయేవాడు. రమ్మనడానికి నాకూ మొహం చెల్లలేదు. వానాకాలం మొదలయ్యాక ఒకరోజు చూరు కింద సగం తడుస్తూ నిలబడి ఉంటే, లోపలికి రమ్మని పిలిచాను. వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు. టీ ఇస్తే తాగాడు. జల్లు లోపలికి కొడుతోందని తలుపు మూయబోతే వద్దన్నాడు. తెరిచే ఉండనివ్వమన్నాడు.